తిన్నది అరగకే పరిగెడుతున్నారా? సుదూర పరుగుపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో నా ఫిజియోథెరపీ గదికి వచ్చే పరుగువాళ్లలో తెలుగువాళ్లు చాలామందే. మోకాలు చూడకముందే వాళ్లను ఒక మాట అడుగుతాను: ఇంత దూరం ఎందుకు పరిగెడుతున్నారు? ఎక్కువమంది నీళ్లు నములుతారు. ఒకసారి మాత్రం, కొడుకును చూడటానికి గుంటూరు నుంచి వచ్చి పక్కనే కూర్చున్న తండ్రి ఠక్కున జవాబిచ్చారు: "తిన్నది అరగక, తల్లీ."

ఇంత దూరం అంటే ఎంత? మారథాన్ 42.195 కిలోమీటర్లు. అది దాటితే అల్ట్రా. 50, 100, 161 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లున్నారు. 400 మీటర్ల ట్రాక్ చుట్టూ 24 గంటలు తిరిగేవాళ్లూ ఉన్నారు. అలాంటి పరుగుల్లో ట్రాక్ పక్కన గుడారంలో కూర్చుని రాత్రంతా కాళ్లకు పట్టీలు వేసిన అనుభవంతో ఇది రాస్తున్నాను.

అపోహ: ఇదంతా కడుపు నిండినవాళ్ల వేషం.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది, కాదనను. బూట్లకు, ప్రవేశ రుసుముకు, ఆదివారం నాలుగు గంటలు ఇల్లు వదిలి తిరగడానికి డబ్బూ తీరికా కావాలి. కానీ కోరి కష్టపడటం కొత్తగా పుట్టిన జబ్బేమీ కాదు. ఆ పెద్దాయననే అడిగాను, అలిపిరి మెట్లు ఎక్కారా అని. "ఎన్నిసార్లో! మా ఇంటావిడ మోకాళ్ల పర్వతం మోకాళ్ల మీదే ఎక్కింది" అన్నారు గర్వంగా. బస్సు ఉండగా 3,550 మెట్లు ఎందుకని ఆమెనెవరూ అడగరు. ఉగాదికి ఉత్తర కర్ణాటక నుంచి నల్లమల మీదుగా శ్రీశైలానికి వందల కిలోమీటర్లు నడిచే భక్తుల్నీ ఎవరూ అడగరు. అక్కడ మొక్కు అనే మాట ఉంది, ఆ మాటతో ప్రశ్న ఆగిపోతుంది. పరుగువాడికి అలాంటి మాట లేదు, అంతే తేడా.

దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య దాదాపు 90 కిలోమీటర్ల మేర జరిగే కామ్రేడ్స్ మారథాన్ 1921లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తోటి సైనికుల జ్ఞాపకంగా విక్ క్లాఫమ్ అనే మాజీ సైనికుడు దాన్ని ప్రారంభించాడు. ఆ ఏడు 34 మంది బయల్దేరితే 16 మంది చేరారు. నా దగ్గరికి వచ్చిన ఒకతను తల్లి సంవత్సరీకం అయిన నెలకు మొదటి 50 కిలోమీటర్లు పరిగెత్తాడు. ఆ సంగతి మూడోసారి వచ్చినప్పుడు చెప్పాడు, అదీ పిక్కల గురించి మాట్లాడుతూ మధ్యలో.

అపోహ: వీళ్లకు నొప్పి అంటే ఇష్టం.

వాస్తవం: నొప్పి ఇష్టమైనవాడు నా దగ్గరికెందుకు వస్తాడు? పట్టీ వేసేటప్పుడు వీళ్లు పెట్టే కేకలు పక్క దుకాణానికి వినిపిస్తాయి.

అయితే ఒక సంగతి ఉంది. బురదలో పాకుతూ, కరెంటు తీగల మధ్య దూరుతూ సాగే అడ్డంకుల పరుగు మీద 2017లో ఒక అధ్యయనం వచ్చింది. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు తమకొక దేహం ఉందన్న సంగతి నొప్పి గుర్తుచేస్తుందనీ, కాసేపు 'నేను' అనే గోల నుంచి విడుదలిస్తుందనీ పరిశోధకులు రాశారు. అవుటర్ రింగ్ రోడ్డు మీద కార్లో గంటన్నర, తెర ముందు పది గంటలు గడిపేవాళ్లను చూస్తే నాకిది నమ్మబుద్ధవుతుంది. మా ఒంగోలు కుర్రాడు ఒకడు ఇంకా బాగా చెప్పాడు: "ఏడాదంతా ఆఫీసులో ఏం చేశానో మా అమ్మకు చెప్పలేను, మేడమ్. యాభై కిలోమీటర్లు పరిగెత్తానంటే ఆవిడకు అర్థమవుతుంది."

అపోహ: అంతా ఎండార్ఫిన్ల మత్తు.

వాస్తవం: ఈ మాట ఎంత పాతబడిందంటే, కబ్బన్ పార్కులో ఉదయం నడకకు వచ్చేవాళ్లు కూడా చెబుతారు. రక్తంలో పెరిగే ఎండార్ఫిన్లు మెదడు చుట్టూ ఉండే రక్షణ పొరను సులువుగా దాటలేవు. జర్మనీలో 2021లో వెలువడిన ప్రయోగంలో 63 మందిని 45 నిమిషాలు పరిగెత్తించారు. ఎండార్ఫిన్ల ప్రభావాన్ని అడ్డుకునే నాల్ట్రెక్సోన్ మందు ఇచ్చినా వాళ్ల హుషారు తగ్గలేదు. శరీరం తానే తయారుచేసుకునే, గంజాయిలోని పదార్థాన్ని పోలిన ఎండోకన్నబినాయిడ్ల మీదికి ఇప్పుడు చూపు మళ్లింది.

సరే, రసాయనం పేరు మారింది. కానీ అది 45 నిమిషాల సుఖం. తెల్లవారుజామున మూడింటికి, డెబ్బయ్యో కిలోమీటరు దగ్గర గుడారం పక్కన వాంతి చేసుకుంటున్న మనిషిలో ఏ మత్తూ నాకు కనిపించలేదు. అతను నోరు కడుక్కుని, ఉప్పద్దిన ఉడికించిన బంగాళాదుంప ఒకటి తీసుకుని మళ్లీ ట్రాక్ మీదికి ఎందుకు వెళ్లాడో ఏ రసాయనమూ పూర్తిగా చెప్పదు.

అపోహ: నలభై దాటినవాళ్ల పైత్యం.

వాస్తవం: మొదటిసారి మారథాన్ పరిగెత్తేవాళ్లలో 29, 39, 49 ఏళ్లవాళ్లు ఎక్కువని 2014లో ఇద్దరు పరిశోధకులు రాశారు. ఆ లెక్క తీసిన తీరు సరికాదని తర్వాత మరొకరు వాదించారు. నా గదిలో మాత్రం పుట్టినరోజు కంటే షుగర్ రిపోర్టు ఎక్కువమందిని పరిగెత్తించింది.

అపోహ: మగవాళ్ల పంతం.

వాస్తవం: 2019లో బ్రిటన్‌లో దాదాపు 431 కిలోమీటర్ల స్పైన్ రేస్‌ను జాస్మిన్ ప్యారిస్ 83 గంటల 12 నిమిషాల్లో ముగించి, మగవాళ్లందరి కంటే ముందు నిలిచింది. ఇంట్లో ఏడాది దాటిన పాప. దారిలో మజిలీల దగ్గర ఆగి పాలు తీసింది. ఇంతకంటే నేను చెప్పేదేమీ లేదు.

అపోహ: మనోబలం ఉంటే శరీరం అదే వస్తుంది.

వాస్తవం: ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. 2022 జులైలో ఇక్కడి కంఠీరవ స్టేడియంలో జరిగిన ఆసియా-ఓషియానియా 24 గంటల పోటీలో అమర్ సింగ్ దేవందా 257.618 కిలోమీటర్లు పరిగెత్తి గెలిచాడు. అంటే 644 చుట్లు. ఏళ్ల తరబడి సాధన లేకుండా ఒక్క పట్టుదలతో అన్ని చుట్లు తిరగడం ఎవరి వల్లా కాదు. గంటగంటకూ ఏం తినాలో, ఎంత తాగాలో లెక్క ఉండాలి. నీళ్లు ఎక్కువ తాగి రక్తంలోని ఉప్పు, అంటే సోడియం, పలచబడినా ప్రమాదమే: 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండవలసినదాని కంటే తగ్గింది. ఇక నొప్పి మాత్ర వేసుకుని పరుగు కొనసాగించడం మూత్రపిండాలతో చెలగాటం. మూత్రం డికాక్షన్ రంగుకు తిరిగిందంటే కండరం చిట్లి రక్తంలో కలుస్తోందని అనుమానించాలి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎందుకన్న ప్రశ్న నేను మొదటే అడిగేది ఇందుకే. ఎముకలో సన్నని చీలిక పెట్టుకుని రోజూ పరిగెత్తుతున్న ఒకామెను ఆరు వారాలు ఆగమన్నాను. ఏడ్చింది. కాలికోసం కాదు. ఆ గంటన్నర తప్ప రోజులో తనదంటూ మరో సమయం లేదట, ఇంటికి త్వరగా వెళ్లడమంటేనే భయమట. ఆమెకు నా వ్యాయామాలతో పాటు మాట వినే నిపుణురాలూ అవసరమైంది. అదే మనిషి మొక్కు తీర్చుకోవడానికో, తననుతాను పరీక్షించుకోవడానికో పరిగెత్తి ఉంటే, ఆరు వారాలు ఈత కొట్టమని పంపేదాన్ని.

ఇప్పుడు పెద్ద పరుగుకు వెళ్లేవాళ్ల చేత రెండు వాక్యాలు రాయించుకుంటున్నాను: ఎందుకు వెళ్తున్నాను, ఏమైతే ఆగిపోతాను. ఆ కాగితం పరుగువాడి దగ్గర ఉండకూడదు, తోడు వచ్చిన భార్య దగ్గరో స్నేహితుడి దగ్గరో ఉండాలి. తెల్లవారుజామున మూడింటికి పరుగువాడు చెప్పేదాన్ని వినకండి, పగటిపూట అతనే రాసినదాన్ని చదివి వినిపించండి. మూత్రం రంగు మారినప్పుడు మాత్రం కాగితం వెతుక్కోవద్దు, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురండి.