పీర్ రివ్యూ అయింది కదా, ఇంకేంటి నీ బాధ?

పోయిన వారం మా పెద్దబావ ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పడేశాడు. హోమియోపతి నిజమని 1988లోనే నేచర్ పత్రికలో తేలిపోయిందట, కొంతమంది మేధావులు ఇంకా ఒప్పుకోవట్లేదట. ఆ కొంతమంది ఎవరో అందరికీ తెలిసేలా కింద నా పేరు ట్యాగ్ చేసి ఇంకో లైను: "పీర్ రివ్యూ కూడా అయింది, చూసుకో. ఇంకేంటి నీ బాధ?" బావ బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి, ఊరికే గాల్లో మాట్లాడడు. వెతికితే ఆ పరిశోధన పేపరు నిజంగానే ఉంది.

ఈ పీర్ రివ్యూ అంటే ఏంటో నాకు తెలిసిన భాషలో చెప్తా. నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను, ఏటా ఎండాకాలం స్పాట్ వాల్యుయేషన్‌కి పోతాను. అక్కడ బండిల్ మన ముందు పెట్టేసరికే పిల్లాడి హాల్ టికెట్ నంబరున్న ముక్క చింపేసి ఉంటుంది, మిగిలేది కోడ్ మాత్రమే. ఏ ఊరు, ఏ కాలేజీ, ఎవరబ్బాయి, ఏమీ తెలీదు. అయినా ముత్యాల్లాంటి రైటింగ్ కనపడితే చెయ్యి అర మార్కు ఎక్కువే వేస్తుంది, అది వేరే విషయం.

జర్నల్‌లో కూడా ఇంచుమించు ఇదే. ఎడిటర్ క్యాంపు ఆఫీసర్ లాంటోడు, వచ్చిన పేపర్ని ఆ సబ్జెక్టు తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపుతాడు, వాళ్ళని రిఫరీలంటారు. కాకపోతే చాలా జర్నళ్ళలో చింపే ముక్క అటుదిటు అయింది: రాసినవాడికి దిద్దేవాడెవరో తెలీదు గానీ దిద్దేవాడికి రాసినవాడి పేరు, యూనివర్సిటీ పేరు అన్నీ కనపడతాయి. రెండువైపులా దాచే పత్రికలు కూడా ఉన్నాయి. మాకు పేపరుకింత అని లెక్కగట్టి ఇస్తారు, రిఫరీకి మామూలుగా పైసా రాదు. మాకు కీ ఇస్తారు, వాళ్ళకి కీ ఉండదు, ఉంటే అది కొత్త విషయమే కాదు కదా.

పైగా ఇది ఆదినుంచీ వస్తున్న ఆచారమేమీ కాదు. 1936లో ఫిజికల్ రివ్యూ ఎడిటర్ ఐన్‌స్టీన్ పేపర్ని రిఫరీకి పంపితే ఆయనకి ఒళ్ళు మండి, మీకిచ్చింది అచ్చెయ్యడానికి గానీ ఎవరికో చూపించడానికి కాదని రాసి వెనక్కి తీసేసుకున్నాడు (రిఫరీ పట్టుకున్న తప్పు నిజమే, తర్వాత వేరే పత్రికలో వేసేటప్పుడు ముగింపు మార్చాల్సొచ్చింది). 1953లో డీఎన్ఏ ఆకారం గురించి వాట్సన్, క్రిక్ రాసింది నేచర్ ఏ రిఫరీకీ పంపకుండానే వేసేసింది. అక్కడ రిఫరీలు తప్పనిసరి అయింది 1973లో.

సరే, అసలు సంగతి. నేను దిద్దేది థియరీ పేపరు. టైట్రేషన్ లెక్క కాగితం మీద కరెక్టుగా ఉంటే మార్కులేస్తా, పిల్లాడు నిజంగా బ్యూరెట్ పట్టుకున్నాడా లేదా నాకేం తెలుసు? ప్రాక్టికల్స్‌లో అయితే ఎక్స్‌టర్నల్ పక్కనే నిలబడి చూస్తాడు. రిఫరీ థియరీ దిద్దేవాడు, ల్యాబ్‌లోకి పోడు. బావ పంపిన కథంతా ఇక్కడే ఉంది.

పారిస్ పక్కన క్లమార్‌లో జాక్ బెన్వెనిస్త్ అని పేరున్న ఇమ్యునాలజిస్ట్, అంటే ఒంట్లో రోగనిరోధక శక్తి మీద పనిచేసే సైంటిస్టు. బావ చెప్పిన పేపరు ఈయన బృందానిదే. మన రక్తంలో బేసోఫిల్స్ అనే తెల్లకణాలుంటాయి, చాలా తక్కువ, తెల్లకణాల్లో ఒక శాతం కూడా ఉండవు. టొలూడిన్ బ్లూ వేస్తే వాటికి రంగు అంటుకుంటుంది, ఒక రకం యాంటీబాడీ కలిపితే లోపలి గుళికలు బయటికి కక్కేస్తాయి, ఇక రంగు పట్టదు. రంగున్నవి ఎన్ని తగ్గాయో మైక్రోస్కోపులో కన్ను పెట్టి లెక్కపెట్టడమే పని. వీళ్ళు ఆ యాంటీబాడీని, హోమియో మందులు చేసే పద్ధతిలోనే, నీళ్ళతో పలచన చేసి కుదిపి, మళ్ళీ పలచన చేసి కుదిపి, ఒకటి పక్కన 120 సున్నాల వంతుకి తీసుకెళ్ళారు. ఫస్టియర్ పిల్లాడు కూడా చెప్తాడు, ఒక మోల్‌లో ఉండేవే 6.022 ఇంటూ 10 టు ది పవర్ 23 అణువులు, పదోవంతు చొప్పున 24 సార్లు పలచన చేస్తేనే ఒక్కటి కూడా మిగలదు. అయినా పనిచేసిందన్నారు.

రిఫరీలకి కాగితం మీద తప్పు దొరకలేదు, నమ్మబుద్ధీ కాలేదు. నేచర్ ఎడిటర్ జాన్ మ్యాడక్స్ వేరే ల్యాబుల్లో కూడా చేయించి చూపించమన్నాడు, చూపించారు. అప్పుడు ఇంకో షరతు పెట్టాడు, వేస్తాను గానీ తర్వాత మా మనుషులొచ్చి మీ ల్యాబ్ చూస్తారు అని. 1988 జూన్ 30 సంచికలో, మాకు అనుమానాలున్నాయని పక్కనే రాసి మరీ వేశాడు.

జులైలో వచ్చిన ఎక్స్‌టర్నల్స్ ముగ్గురు: మ్యాడక్స్, సైన్సు మోసాలు పట్టడంలో పేరున్న వాల్టర్ స్టివర్ట్, ఇంకొకరు జేమ్స్ ర్యాండీ. ఈ ర్యాండీ మెజీషియన్! దొంగబాబాల్ని పట్టడానికి సైంటిస్టు కంటే మెజీషియన్ నయమని నేను మా స్టాఫ్‌రూంలో ఎప్పుడూ అంటుంటాను, ఎవరూ వినరు.

నోట్ బుక్కులు తిరగేస్తే ఒక విచిత్రం బయటపడింది. రంగున్న కణాలు 80 లెక్కకొచ్చాయనుకోండి, అదే రక్తంలోంచి ఇంకో చుక్క తీస్తే మళ్ళీ 80 రాదు, ఏ చుక్కలో ఎన్ని పడతాయన్నది అదృష్టం. 80కి వర్గమూలం సుమారు 9, కాబట్టి 71, 86, 77, 90 ఇలా ఊగుతుండాలి. ఒకే శాంపిల్‌ని వీళ్ళు రెండుసార్లు లెక్కపెట్టిన చోట ఆ రెండు లెక్కలూ ఉండాల్సిన దానికంటే దగ్గరగా ఉన్నాయి. కెమిస్ట్రీ లెక్చరర్‌కి ఇది చెప్పక్కర్లేదు, రికార్డులో 9.8, 9.8, 9.8 అని మూడు రీడింగులూ ఒకటే ఉంటే ఆ పిల్లాడు మూడోసారి చెయ్యలేదని అర్థం. ఇక్కడ మోసమని కాదు, మొదటి లెక్క తెలిసి రెండోది లెక్కపెడితే అంచున ఉన్న కణం, రంగు అంటిందో లేదో తెలీని కణం, మనకి తెలీకుండానే మనక్కావాల్సిన వైపు పడిపోతుంది.

ఏ ట్యూబులో ఏముందో తెలిసి చేసినప్పుడు యాంటీబాడీ బ్రహ్మాండంగా పనిచేసింది. అప్పుడు ముక్క చింపారు, అదే మా స్పాట్‌లో లాగా. ట్యూబులకి కోడ్ నంబర్లేసి, ఏ కోడ్ ఏదో రాసిన కాగితాన్ని అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, కవర్లో పెట్టి సీలేసి, ల్యాబ్ సీలింగ్‌కి టేపుతో అంటించేశారు. లెక్కలన్నీ అయ్యాక కవరు దించి విప్పితే పలచన చేసిన యాంటీబాడీకీ ఉత్తి నీళ్ళకీ తేడా లేదు. జులై 28 నేచర్‌లో ఇది భ్రమ అని రాసేశారు, జూన్ పేపరు రాసినవాళ్ళలో ఇద్దరి జీతాలు ఒక హోమియో మందుల కంపెనీ ఇస్తోందని కూడా. బెన్వెనిస్త్ ఇదంతా మంత్రగత్తెల వేట అని మండిపడ్డాడు, చివరిదాకా ఒప్పుకోలేదు.

ఇక్కడ కనీసం దిద్దారు. బండిల్‌కి కట్టిన దారం కూడా విప్పకుండా పాస్ చేసేవాళ్ళూ ఉన్నారు. 2013లో జాన్ బొహానన్ అనే జర్నలిస్టు కావాలని తప్పులు పెట్టిన దొంగ పేపర్ని 304 పత్రికలకి పంపితే 157 ఓకే అన్నాయి. ఈ రకం వ్యాపారంలో మన హైదరాబాద్ పేరు బాగానే మోగింది, అక్కడ పత్రికలు నడిపే ఒమిక్స్ సంస్థ, చేస్తామన్న పీర్ రివ్యూ చెయ్యకుండా, ఫీజు సంగతి ముందు చెప్పకుండా రచయితల్ని మోసం చేసిందని 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్ల పైనే కట్టమంది. ప్రమోషన్‌కి పాయింట్లు కావాలంటే పేపర్లుండాలనే రూలు ఉన్నన్నాళ్ళూ అలాంటివి కొనేవాళ్ళకేం కొదవ?

బావకి ఇంత కథా టైప్ చెయ్యలేక ఫోన్ చేశాను. మొత్తం విని, "మరి తప్పని తేలితే తీసెయ్యాలి కదరా, ఇంకా అక్కడే ఎందుకుంచారు?" అన్నాడు. బ్యాంకు మనిషి కదా, తప్పు ఎంట్రీ కనపడితే రివర్స్ చెయ్యాల్సిందే. కానీ నేచర్ ఆ పేపర్ని రిట్రాక్ట్ చెయ్యలేదు, జూన్‌ది జూన్‌లో ఉంది, జులైది జులైలో ఉంది. గ్రూపులో జూన్‌ది ఒక్కటే తిరుగుతోంది.