నలభై శాతం రాకపోతే వైకల్యం లేనట్టేనా? సదరం చుట్టూ అపోహలు - వాస్తవాలు

వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు జరిగే రోజు తిరుపతి రుయా ఆసుపత్రిలో అయినా, చిత్తూరు జిల్లా ఆసుపత్రిలో అయినా వరండాలో వినిపించే మాట ఒకటే: "ముప్పై అని రాసిచ్చినారు సార్, నలభై రాలేదు. ఇంక ఈ కాగితం దేనికి?" ఆ కాగితాన్ని అక్కడే నలిపేసేవాళ్లున్నారు. "మీకెట్టా నలభై రాదులే" అని ఎవరో అన్న మాట పట్టుకుని అసలు స్లాటే బుక్ చేసుకోనివాళ్లు ఇంకా ఎక్కువ. వైకల్యం విషయంలో మన దగ్గర జనాన్ని అన్నిటికంటే ఎక్కువ ముంచుతున్న అపోహ ఇదే. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: 40 శాతం లోపు ఉంటే చట్టం లెక్కలో వికలాంగులు కారు.

2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టంలో రెండు వేర్వేరు నిర్వచనాలున్నాయి. 2(ఎస్) సెక్షన్ ప్రకారం శరీరానికో, మనసుకో, మేధకో, ఇంద్రియాలకో దీర్ఘకాలిక లోపం ఉండి, బయటి అడ్డంకుల కారణంగా సమాజంలో అందరితో సమానంగా పాల్గొనలేకపోతున్న వ్యక్తి వైకల్యం ఉన్న వ్యక్తి. ఇందులో శాతం ఊసే లేదు. 40 శాతం అనే గీత 2(ఆర్)లో వస్తుంది. దాన్ని బెంచ్‌మార్క్ వైకల్యం అంటారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు ఈ గీత అందుకున్నవాళ్లకు. మన రాష్ట్రంలో నెలకు 6,000 రూపాయల పింఛనుకూ ఇదే గీత. వివక్ష చూపకూడదన్న హక్కుకు గానీ, అవసరమైన సర్దుబాట్లు అడిగే హక్కుకు గానీ ఆ గీతతో పని లేదు.

దీనివల్ల నష్టం ఎక్కడ జరుగుతుందో చూడండి. ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు నడిపే డ్రైవరుకు ప్రమాదంలో మోకాలు దెబ్బతిని సరిగా మడవలేకపోతున్నాడనుకుందాం. మెడికల్ బోర్డు 25 శాతం అంటుంది. "నలభై లేదు కాబట్టి నీకేమీ వర్తించదు, మెడికల్ అన్‌ఫిట్ కింద రిటైర్మెంట్ తీసుకో" అని పక్కవాళ్లు సలహా ఇస్తారు. అతను సంతకం పెట్టేస్తాడు. నిజానికి 20(4) సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పోస్టుకు పనికిరాకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి. అలాంటి పోస్టు ఖాళీ లేకపోతే అది దొరికేదాకా, లేదా పదవీ విరమణ వయసు వచ్చేదాకా, సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే అతని కోసమే అదనంగా సృష్టించిన పోస్టులో, ఉంచాలి. ఈ సెక్షన్‌లో శాతం లేదు. కాబట్టి రిటైర్మెంట్ కాగితం మీద సంతకం పెట్టకముందే చేయాల్సింది: సదరం సర్టిఫికెట్ జత చేసి, 20(4)ను పేర్కొంటూ వేరే పోస్టు కోరుతూ రాతపూర్వకంగా అర్జీ ఇవ్వడం, దానికి రసీదు తీసుకోవడం. ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ 23వ సెక్షన్ కింద ఫిర్యాదుల అధికారి ఉండాలి, అర్జీ కాపీ ఆయనకూ పెట్టండి. అక్కడా కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. నోటిమాటగా అడిగినవి ఎక్కడా నిలబడవు.

రెండో నష్టం పరీక్ష హాల్లో. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే పిల్లలకు స్క్రైబ్‌ను, అంటే వాళ్లు చెబుతుంటే రాసిపెట్టే మనిషిని, ఇవ్వరని, నలభై ఉంటేనే ఇస్తారని చాలా ఇళ్లలో నమ్మకం. సరిగ్గా ఈ సమస్యతోనే సివిల్స్ అభ్యర్థి వికాస్ కుమార్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. అతనికి బోర్డు తేల్చిన వైకల్యం 6 శాతం. స్క్రైబ్ కావాలంటే బెంచ్‌మార్క్ వైకల్యం ఉండి తీరాలనడం చెల్లదని 2021 ఫిబ్రవరి 11న కోర్టు చెప్పింది. ఆ తీర్పు తర్వాతే 40 శాతం లోపు ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం 2022 ఆగస్టు 10న కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. స్క్రైబ్‌తో పాటు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం వస్తుంది. అయితే దీనికి సదరం సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వ వైద్యుల బృందం నిర్ణీత నమూనాలో వేరే సర్టిఫికెట్ ఇవ్వాలి. సొంతంగా స్క్రైబ్‌ను తెచ్చుకోవచ్చా, అతని చదువు ఎంతకు మించకూడదు అన్నది ఆ పరీక్ష నోటిఫికేషన్‌లో చూసుకోండి. హాల్‌టికెట్ వచ్చాక పరుగెత్తితే ఇవేవీ కుదరవు. దరఖాస్తు నింపేటప్పుడే ఆ కాలమ్‌లో టిక్ పెట్టాలి.

శాతం ఎక్కువైతే చదువు తలుపులు మూసుకుపోతాయన్నది దీనికి తిరగేసిన భయం. ఓంకార్ గోండ్ కేసులో 2024 అక్టోబరు 15న సుప్రీంకోర్టు, 40 శాతం దాటిందన్న ఒక్క కారణంతో ఎంబీబీఎస్‌కు అనర్హులని చెప్పకూడదని, ఆ విద్యార్థి చదవగలడా లేదా అన్నది బోర్డు పరిశీలించి రాయాలని స్పష్టం చేసింది.

కాబట్టి ఎంత వచ్చినా సర్టిఫికెట్ దాచుకోండి. 40 లోపు ఉన్నవాళ్లకూ యూడీఐడీ కార్డు, అంటే దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు, ఉంది, దాని రంగు తెలుపు. 40 నుంచి 80 లోపు పసుపు, 80 నుంచి పైకి నీలం.

అపోహ: జబ్బు ఎంత పెద్దదైతే శాతం అంత ఎక్కువ.

కొలిచేది జబ్బును కాదు, అది మిగిల్చిన లోటును. పక్షవాతం వచ్చిన రెండో నెలలోనే తీసుకొస్తే బోర్డు తిప్పి పంపుతుంది. కోలుకునే అవకాశం చూసి ఆరు నెలల తర్వాత కొలుస్తారు. కంటి చూపును అద్దాలు పెట్టాకే చూస్తారు. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండోది 6/18 వరకు బాగుంటే 30 శాతం. ఒక చెవి పూర్తిగా పోయి రెండోది మామూలుగా ఉంటే సుమారు 17. బాగున్న చెవి శాతాన్ని అయిదుతో హెచ్చించి, రెండో చెవి శాతం కలిపి, ఆరుతో భాగిస్తారు మరి. ఇవి విని కుంగిపోయేవాళ్లకు నిజంగా ఉపయోగపడే సంగతి ఇంకొకటుంది. ఒకే మనిషికి రెండూ ఉంటే రెండూ లెక్కలోకి వస్తాయి, కాకపోతే మామూలు కూడిక కాదు. ఎక్కువ శాతాన్ని ముందు తీసుకుని, 90లోంచి దాన్ని తీసేసి, మిగిలినదాన్ని తక్కువ శాతంతో హెచ్చించి, 90తో భాగించి, మొదటిదానికి కలుపుతారు. పై కన్నూ చెవీ ఒకరికే ఉంటే 30, దానికి 17 × 60 ÷ 90, మొత్తం 41 దాకా వస్తుంది. చాలామంది కంటి సంగతి ఒక్కటే చెప్పి స్లాట్ తీసుకుంటారు, చెవి సంగతి ఎవరూ అడగరు. బుక్ చేసేటప్పుడే రెండూ చెప్పి, బహుళ వైకల్యం కింద పరీక్ష కోరండి.

అపోహ: చెవి మిషన్ పెట్టిస్తే శాతం తగ్గిపోతుంది.

ఈ పుకారు చిన్నపిల్లల మాటల్ని తినేస్తోంది. సర్టిఫికెట్ వచ్చేదాకా మిషన్ వద్దని రెండేళ్లు ఆపే తల్లిదండ్రులున్నారు. వాళ్ల భయం అర్థమవుతుంది, పింఛను ఆ ఇంటికి పెద్ద ఆసరా. కానీ కంటికీ చెవికీ పద్ధతి వేరు. వినికిడి శాతాన్ని మిషన్ తీసేసే కొలుస్తారు: 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర ఎన్ని డెసిబెల్స్‌కు వినిపిస్తోందో చూసి సగటు తీస్తారు. మిషన్ వాడుతున్నందుకు ఒక్క శాతం కూడా తగ్గదు. మాటలు నేర్చుకునే వయసు మాత్రం తొలి మూడేళ్లలో వేగంగా గడిచిపోతుంది. బటన్ నొక్కి చెప్పలేని పసిపిల్లలకు నిద్రపుచ్చి బెరా పరీక్ష చేస్తారు, శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో ఇందులో తెలుస్తుంది. జలుబు, గులిమి, చీము ఉన్నప్పుడు తీసిన ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) తప్పు చూపిస్తుంది, ముందు వాటిని తగ్గించుకుని రండి. వినిపించినా వినిపించలేదని చెప్పమని పిల్లలకు నేర్పకండి. రెండుసార్లు తీసిన రీడింగులు కలవవు, బెరాలో అసలు సంగతి బయటపడుతుంది, కేసు పెండింగ్‌లో పడుతుంది.

మిగతావి క్లుప్తంగా.

పిల్లలకు ఒకసారి ఇస్తే జీవితాంతం అనుకోవద్దు. నేర్చుకోవడంలో లోపం, అంటే డిస్‌లెక్సియా లాంటివాటికి 8 ఏళ్లు నిండాకే సర్టిఫికెట్, మళ్లీ 14కు, 18కి పరీక్ష. 18లో ఇచ్చిందే శాశ్వతం. గడువు తీరడానికి కనీసం మూడు నెలల ముందే దరఖాస్తు పెట్టండి.

మొత్తం 21 రకాలు గుర్తింపులో ఉన్నాయి. తలసేమియా, హీమోఫీలియా, పార్కిన్సన్స్, మానసిక అనారోగ్యం అందులో ఉన్నాయి. షుగరు, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు లేవు. డయాలసిస్ రోగులకు వచ్చే పింఛను వేరే కేటగిరీ, దానికోసం సదరం క్యూలో నిలబడక్కర్లేదు.

వికలాంగులనాలా, దివ్యాంగులనాలా, విభిన్న ప్రతిభావంతులనాలా అంటే, ఎదుటి మనిషి ఏది కోరుకుంటే అది. కుంటోడు, చెవిటోడు అని నలుగురిలో కావాలని అవమానిస్తే మాత్రం 92వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ల దాకా జైలు.

డబ్బిస్తే శాతం పెంచుతామనే బ్రోకర్లను దగ్గరికి రానివ్వొద్దు. మోసంతో లబ్ధి పొందితే 91వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది సర్టిఫికెట్‌లో పేరున్నవాళ్ల మీద పడుతుంది. శాతం నిజంగానే తక్కువ వేశారనిపిస్తే, 2025లో పింఛనుదారుల వైకల్యాన్ని మళ్లీ కొలిచిన పునఃపరిశీలనలో తగ్గించారనిపించినా సరే, 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కుంది. అప్పీలుతో పాటు పాత ఆడియోగ్రాములు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీలు, మొదటి సర్టిఫికెట్ కాపీ తేదీల వరసలో పెట్టి ఇవ్వండి. ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి.