మెలకువ వచ్చింది, మత్తు పోలేదు

పొద్దున నల్లగొండలో మత్తు మందు తీసుకుని ఎండోస్కోపీ (గొట్టం వేసి కడుపు లోపల చూసే పరీక్ష) చేయించుకుని, మధ్యాహ్నానికి తన బండి మీదే నార్కట్‌పల్లి దాటి ఊరు చేరాలనుకునేవాళ్లున్నారు. "ఇయ్యాల బండి నడపొద్దన్నా" అని సిస్టర్ అంటే, "నాకేమైందమ్మా, మంచిగనే ఉన్న గదా" అంటారు. అబద్ధమేం కాదు, నిజంగానే బాగున్నట్టు అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

ప్రొపోఫాల్ అనే మత్తు మందు నరంలోకి ఎక్కించిన నిమిషంలోపే నిద్ర ముంచుకొస్తుంది. ఆపితే కాసేపటికే తెలివొస్తుంది. అంతమాత్రాన మందు ఒంట్లోంచి పోయినట్టు కాదు. మెదడు వదిలి కండల్లోకి, కొవ్వులోకి చేరిందంతే. అక్కణ్ణుంచి మెల్లగా రక్తంలోకి వస్తుంటే కాలేయం దాన్ని విరగ్గొడుతుంది.

మిడజోలం అనే మరో మత్తు మందు ఇంకా మొండిది. దాని అర్ధాయువు, అంటే ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం, సుమారు 2 గంటలు. పదింటికి ఇస్తే పన్నెండుకు సగం, నాలుగింటికి కూడా ఎనిమిదో వంతు ఉంటుంది. ముసలివాళ్లలో మరీ నిదానం. పైగా అది కొత్త జ్ఞాపకాలను నిలవనివ్వదు. చెప్పినదానికల్లా తలూపిన మనిషే గేటు దాటాక "నాకెవరూ చెప్పలే" అంటాడు. అందుకే జాగ్రత్తలు తోడొచ్చినవాళ్లకూ చెప్పాలి, కాగితం మీద రాసివ్వాలి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మత్తు వల్ల బ్రేకు మీద కాలు పడడం అర సెకను ఆలస్యమైతే 8 మీటర్లు. విజయవాడ హైవే మీద గేదె అడ్డమొస్తే ఆ 8 మీటర్లే లెక్క. మత్తులో అదుపు తప్పేంతగా ఉండి బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం కూడా.

మామూలుగా 24 గంటలు ఆగమంటారు. ట్రాక్టరుకూ అంతే, బావికాడి మోటారుకూ అంతే. భూమి కాగితాల మీద సంతకం కూడా మర్నాడే.

కల్లు సంగతీ చెప్పాలి. పాలమూరు వైపు కల్తీ కల్లులో కలిపే అల్ప్రజోలం, డైజిపాం మిడజోలం కుటుంబానివే. వాటికి అలవాటుపడ్డ ఒంటికి మామూలు డోసు చాలకపోవచ్చు. అదే సాయంత్రం మళ్లీ తాగితే రెండు మత్తులూ కలిసి ఊపిరి మందగించొచ్చు. సిగ్గుపడకుండా మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

తోడొచ్చిన తమ్ముడు "నేను నడుపుతా, ఎనక కూసో అన్నా" అన్నా ఒప్పుకోవద్దు. వెనక కూర్చున్న మనిషి కునుకు తీస్తే పట్టుకునేవాళ్లుండరు. కారో ఆటోనో మాట్లాడుకుని, మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లాలి.