గోదావరి ఊళ్ళలో వీధి ఫోటోగ్రఫీ: అపోహలు - వాస్తవాలు

రాజమండ్రి, కాకినాడ, భీమవరం బజార్లలో రోజువారీ జీవితాన్ని ఫోటోలు తీయడం నా పని. కొత్తగా ఈ దారిలోకి వచ్చే కుర్రాళ్ళు, అమ్మాయిలు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు పదే పదే వినిపిస్తుంటాయి. వాటి గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: గోదావరి జిల్లాల్లో తీయాల్సింది గోదావరినే

తెల్లవారితే పుష్కర ఘాట్ మెట్ల మీదా, ధవళేశ్వరం బ్యారేజీ మీదా కెమెరాలు చేరతాయి. సూర్యుడు, పడవ, వెనక హేవలాక్ వంతెన. అందంగా ఉంటాయి, కాదనను. కానీ అదే వేళకి కడియం నుంచి ట్రాలీ ఆటో నిండా పూలమొక్కలు ఊళ్ళోకి దిగుతుంటాయి. భీమవరంలో చేపల లారీల నుంచి కారిన ఐసు నీళ్ళు రోడ్డంతా తడిపేస్తుంటాయి. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక కాలవల్లో పారిన నీళ్ళే ఈ డెల్టాని పండించాయి, ఆ పంట డబ్బే ఈ బజార్లని పెంచింది. రాజమండ్రి తాడితోటలో బట్టల మూటలు మోసే మనిషిని తీసినా గోదావరిని తీసినట్టే.

అపోహ: ఎవరికీ తెలియకుండా తీస్తేనే ఫోటో సహజంగా వస్తుంది

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

పెద్ద నగరంలో జనం ఎవరి దారిన వాళ్ళు పోతారు. మన ఊళ్ళు అలా ఉండవు. రాజమండ్రి జాంపేటలో కెమెరా పట్టుకుని కాసేపు నిలబడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి "ఏ పేపరండీ?" అంటారు. "పేపరు కాదండి" అంటే, "అయితే మున్సిపాలిటీ నుంచి వచ్చారా అండీ?" అని రెండో ప్రశ్న. ఆ రెండో ప్రశ్నలో భయం ఉంది. రోడ్డు పక్కన తోపుడు బండి పెట్టుకుని బతికేవాళ్ళకి, ఫోటో అంటే ఆక్రమణలు తీయించే ముందు జరిగే సర్వే. మనం గోడ చాటు నుంచో, పెద్ద జూమ్ లెన్సుతో రోడ్డు అవతల నుంచో తీస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది. మర్నాటి నుంచి ఆ వీధి మొత్తం మనల్ని అనుమానంగానే చూస్తుంది.

నేను కెమెరా అందరికీ కనబడేలా మెడలో వేసుకుంటాను. ముందు టీ తాగుతాను, కబుర్లు చెప్తాను. ఎందుకు తీస్తున్నారని అడిగితే, "ఈ బజారు ఇవాళ ఎలా ఉందో రేపటివాళ్ళకి తెలియాలి కదండీ" అని ఉన్నమాటే చెప్తాను. వద్దంటే కెమెరా దించేస్తాను. అప్పటికే తీసి ఉంటే వాళ్ళ ఎదురుగానే డిలీట్ చేస్తాను.

మొదటిసారి అందరూ చొక్కా సర్దుకుని, తల దువ్వుకుని నిటారుగా నిలబడతారు. ఆ ఫోటో తప్పకుండా తీస్తాను, తమని ఎలా చూడాలని వాళ్ళు కోరుకుంటున్నారో అందులో ఉంటుంది. 4 బై 6 ప్రింటు వేయించి, మళ్ళీ వెళ్ళినప్పుడు చేతికిస్తాను. అది గల్లాపెట్టె పక్కనో, వెంకటేశ్వరస్వామి పటం కిందో చేరుతుంది. ఆ తర్వాత నేను వచ్చినా ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. బేరాలు, అలకలు, మధ్యాహ్నం కునుకులు అన్నీ నా ఎదుటే సాగుతాయి. మనం కోరుకునే సహజత్వం అప్పుడు దొరుకుతుంది.

దగ్గరగా తీయడానికి వెడల్పుగా చూపించే 28 ఎం.ఎం. లెన్సు చాలు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో (35 ఎం.ఎం. ఫిల్మంత సెన్సార్ ఉన్నది) అపెర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 8 దగ్గర పెట్టి, మూడు మీటర్ల దగ్గర ఫోకస్ బిగించేస్తే, సుమారు మీటరున్నర నుంచి ముప్పై మీటర్లు దాటేదాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఫోకస్ వెతుక్కునే టెన్షన్ లేకుండా ఎదుటి మనిషితో మాట్లాడుతూనే తీయొచ్చు.

అపోహ: రోడ్డు మీద ఉంటే ఏదైనా తీయొచ్చు

వీధిలో ఫోటోలు తీయడాన్ని మొత్తంగా నిషేధించే చట్టం మనకి లేదు. అంతమాత్రాన హద్దులు లేవని కాదు. ఆడవాళ్ళని ఏకాంతంలో చాటుగా చూడటం, తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. నా నియమం ఇంకా ముందే ఆగుతుంది: స్నానాల రేవులో తడిబట్టలతో ఉన్న ఆడవాళ్ళ వైపు కెమెరా తిప్పకూడదు, ఎంత గొప్ప ఫ్రేము కనబడినా సరే. 2027లో గోదావరి పుష్కరాలు. ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు వస్తాయి. ఇక్కడివాళ్ళం మనం ముందు పాటిస్తేనే వచ్చేవాళ్ళకి చెప్పగలం.

అపోహ: సామాన్య జీవితం అంటే పేదరికం

ముడతలు పడ్డ ముసలమ్మ చేతులు, గుడి ముందు చాచిన గిన్నె. పోటీలకి వచ్చే ఫోటోల్లో వీటికి లోటు లేదు. జిరాక్స్ షాపు ముందు హాల్ టికెట్లు పట్టుకున్న పిల్లలు, టిఫిన్ సెంటర్లో పెసరట్టు కోసం నిలబడ్డ గుమాస్తాలు, బంగారం కొట్లో మనవరాలికి గొలుసు బేరమాడే నాయనమ్మ మాత్రం చాలా తక్కువ కనిపిస్తారు. ఊరు నిండా ఉన్నది వీళ్ళే కదా.

అపోహ: బ్లాక్ అండ్ వైట్ అయితేనే కళ

కాదు. జైపూర్‌లో పుట్టిన రఘుబీర్ సింగ్ (1942-1999) మన దేశపు వీధుల్ని జీవితమంతా రంగుల్లోనే తీశారు. ఫ్లెక్సీలు, ఆటోలు, పసుపు రాసిన గడపలు ఉన్న మన వీధిలోంచి రంగు తీసేస్తే సగం సమాచారం పోతుంది.

అపోహ: మధ్యాహ్నం కెమెరా బయటికి తీయకూడదు

ఆరుబయట ఇది చాలావరకు నిజమే. మొహాల మీద నల్లటి నీడలు పడతాయి. బజారులో వేరు. నీలం టార్పాలిన్ల కింద మధ్యాహ్నపు ఎండ వడగట్టుకుని మెత్తగా దిగుతుంది. మొహాలకి నీలిరంగు అంటుకుంటుంది కాబట్టి రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైలు) తీసుకుని వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల తూకం, తర్వాత సరిచేసుకోండి. తెల్ల పంచె మడతలు కూడా కనబడనంత తెల్లగా వెలిసిపోకుండా చూసుకోవాలి, అలాగని మనిషి మొహం చీకటైపోకూడదు. తప్పనిసరైతే పంచెనే వదులుకుంటాను.

కెమెరా ఖరీదు గురించి ఒక్క మాట. ఫోన్ చాలు. ఉన్నది లెన్సుల కెమెరా అయితే మాత్రం మన తేమకి అద్దాల మీద ఫంగస్ పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి.

అపోహ: మామూలు ఫోటోలకి విలువ లేదు

1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచిన హేవలాక్ వంతెనకి లెక్కలేనన్ని ఫోటోలున్నాయి. డబ్బిచ్చి వేరే ఊళ్ళకి ఫోన్ చేసుకోడానికి వీధి వీధికీ ఉండిన ఎస్టీడీ బూత్‌లకి? బయట క్యూలో నిలబడి, మీటరు మీద ఎర్ర అంకెలు చూసుకుంటూ మాట్లాడిన మనుషులకి? ఎవరి ఇంట్లో వెతికినా దొరకడం కష్టం. చిల్లర డబ్బా పక్కనే క్యూఆర్ కోడ్ స్టాండు పెట్టిన కిళ్ళీ కొట్లు ఇవాళ అడుగడుగునా ఉన్నాయి, వాటిని ఇప్పుడే తీయాలి. తీసినవి ఫోన్లోనే వదిలేయకుండా రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. ప్రతి ఫోటోకీ వీధి, తేదీ, అక్కడ జరుగుతున్న పని రాసి పెట్టండి. మనిషి పేరు మాత్రం వాళ్ళు సరేనంటేనే రాయండి.