డివైస్ రెడీ మేడమ్, లైసెన్స్ ఒక్కటే మిగిలింది

వారానికి ఒక్కసారైనా ఈ ఫోన్ వస్తుంది. "మేడమ్, మా డివైస్ రెడీ. లైసెన్స్ ఒక్కటే మిగిలింది. రెండు నెలల్లో అయిపోతుందా?" అవతలి గొంతు సాధారణంగా ఈమధ్యే పీహెచ్‌డీ ముగించినవాళ్లదో, ఇన్‌క్యుబేటర్‌లో చోటు దొరికినవాళ్లదో అయి ఉంటుంది. ఆ గొంతులో సంతోషం వినిపిస్తూ ఉంటే అడగబుద్ధి కాదు. అయినా అడుగుతాను: "డిజైన్ ఎప్పుడు ఫ్రీజ్ చేశారు, అంటే ఇక మార్చేది లేదని ఎప్పుడు ఖరారు చేశారు?" తర్వాత వచ్చే నిశ్శబ్దం నాకు బాగా అలవాటు.

వైద్య పరికరాల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పన్నెండేళ్లు చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో స్టార్టప్‌లకు రెగ్యులేటరీ పని (ప్రభుత్వ నిబంధనలు, అనుమతుల సంగతి) చూస్తున్నాను. బయోమెడికల్ వాళ్లూ వస్తారు, నానో (అతిసూక్ష్మ కణాలతో పనిచేసే) వాళ్లూ వస్తారు. విన్న అపోహలు చాలానే ఉన్నాయి కానీ కొంపలు ముంచేది ఒకటే. దాని గురించే ఎక్కువ రాస్తాను. మిగతావి ఆఖర్లో గబగబా.

అపోహ: ముందు పనిచేసే వస్తువు తయారు చేద్దాం, రెగ్యులేటరీ సంగతి చివర్లో చూసుకుందాం

చాలామంది దృష్టిలో రెగ్యులేటరీ అంటే పప్పు ఉడికాక పెట్టే పోపు. నన్నడిగితే అది ఎసరు. అది పెట్టకుండా పొయ్యి వెలిగించి లాభం లేదు.

2017 మెడికల్ డివైసెస్ రూల్స్ 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం కిందికి వచ్చాయి. ప్రమాదం స్థాయిని బట్టి వాటిని ఏ (తక్కువ) నుంచి డీ (ఎక్కువ) దాకా క్లాసులుగా విడదీశారు. క్లాస్ ఏ, బీలకు 2022 అక్టోబర్ 1 నుంచి, సీ, డీలకు 2023 అక్టోబర్ 1 నుంచి లైసెన్స్ తప్పనిసరి. (స్టెరైల్ (క్రిములు ఏమాత్రం లేకుండా చేసినవి) కాని, కొలత చూపించని క్లాస్ ఏ వస్తువులకు రిజిస్ట్రేషన్ చాలు.) ఏ, బీ తయారీకి రాష్ట్ర అధికారుల దగ్గరికి, సీ, డీకి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీవోకి వెళ్లాలి. ఇదంతా మీకు తెలిసిందే. తెలియందల్లా ఒకటే: లైసెన్స్ ఇచ్చేవాళ్లు మీ వస్తువుతో పాటు దాని పుట్టుపూర్వోత్తరాలూ చూస్తారు. ముడిసరుకు ఎవరి దగ్గర కొన్నారు, ఏ మార్పు ఎందుకు చేశారు, ఏ ప్రమాదాన్ని ఎలా తగ్గించారు, ఎప్పుడు ఎవరు సంతకం పెట్టారు. రెండేళ్ల కిందట రాసి ఉండాల్సిన కాగితాలను ఇప్పుడు కూర్చుని రాస్తే ఆడిటర్ తేదీలు చూసే పట్టేస్తారు.

ఒక జట్టు సంగతి చెప్తాను. ఏలూరు వైపు కుర్రాడు, అతనితో ఒకే ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేసిన అమ్మాయి. షుగర్ పుండ్లకు కట్టే డ్రెస్సింగ్ తయారు చేశారు. ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో (కరెంటు సాయంతో సన్నని దారాలు లాగే పద్ధతి) తీసిన పాలీయురేతేన్ నానోఫైబర్ పొర, అందులో వెండి నానోకణాలు. ప్లేట్‌లో బ్యాక్టీరియా చచ్చింది, ఎలుకల్లో గాయం మానింది, పేపర్ మంచి జర్నల్‌లో వచ్చింది. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను వేసిన రెండో ప్రశ్న, స్టెరిలైజేషన్ ఎలా చేస్తున్నారని.

"70 శాతం ఆల్కహాల్‌లో ముంచి, అరగంట యూవీ కింద పెడతాం మేడమ్."

ల్యాబ్‌లో ప్రయోగానికి అది సరిపోతుందేమో. రోగి పుండు మీద వేసే వస్తువుకు మాత్రం దాన్ని స్టెరిలైజేషన్ అని ఎవరూ ఒప్పుకోరు. సరే అని గామా కిరణాలతో స్టెరిలైజ్ చేయడానికి పంపారు, మామూలుగా ఇచ్చే 25 కిలోగ్రే డోస్. తెల్లగా వెళ్లిన పొర పసుపు రంగు తిరిగి వచ్చింది. కొన్ని రకాల పాలీయురేతేన్‌కు గామా తగిలితే జరిగేది అదే, ఆ రంగంలో ఉన్నవాళ్లకు కొత్తేమీ కాదు. వీళ్లకు చెప్పినవాళ్లే లేరు. పోనీ ఈటీవో (ఇథిలీన్ ఆక్సైడ్) గ్యాస్‌తో చేద్దామంటే, వాళ్లు వాడుతున్నది అల్యూమినియం పౌచ్. అందులోకి గ్యాస్ దూరదు. అంటే ప్యాకింగ్ మార్చాలి. గ్యాస్ పట్టించాక గాలాడనివ్వాలి, పొరలో ఎంత మిగిలిపోయిందో కొలిపించాలి.

అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. అప్పటికే డబ్బు పోసి చేయించిన బయోకంపాటిబిలిటీ (వస్తువు శరీరానికి పడుతుందా అని చూసే) రిపోర్టులు చెల్లకుండా పోయాయి. ఈ పరీక్షలకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10993 ప్రకారం పరీక్షించాల్సింది చివరికి రోగికి చేరే రూపంలో ఉన్న వస్తువును. అదే ముడిసరుకు, అదే తయారీ, అదే స్టెరిలైజేషన్. వీళ్లు పంపింది ఆల్కహాల్‌లో ముంచిన ముక్కను. సైటోటాక్సిసిటీ (కణాలకు విషమా), సెన్సిటైజేషన్ (అలర్జీ తెస్తుందా), ఇరిటేషన్ (చర్మాన్ని మండిస్తుందా), మూడూ మళ్లీ మొదటికి. మొత్తం కలిపి పద్నాలుగు నెలలు పోయాయి. ఈలోగా గ్రాంట్ అయిపోయింది. ఆ కుర్రాడి నాన్న ఊళ్లో అరెకరం అమ్మారు.

ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. డెమో డేల్లో చప్పట్లు కొట్టి, సెల్ఫీలు దిగి, వేదిక మీద వీళ్ల చేతిలో ఆ పెద్ద ఉత్తుత్తి చెక్కు పెట్టినవాళ్లలో ఒక్కరైనా "ఇది ఎలా స్టెరిలైజ్ చేస్తారు బాబూ" అని అడగలేదు. మూడేళ్లు. ఒక్కరూ అడగలేదు.

కాబట్టి మొదటి రోజే, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోకముందే, ఒక వాక్యం రాసుకోండి. ఈ పరికరం దేనికి, ఏ రోగులకు, ఎవరి చేతుల్లో, ఎక్కడ వాడతారు. ఇంటెండెడ్ యూజ్ అనేది ఇదే. మీది ఏ క్లాసో చాలావరకు ఈ వాక్యమే తేలుస్తుంది. ఒకే సెన్సర్‌ను "వ్యాయామంలో గుండె వేగం చూసుకోవడానికి" అంటే ఒక లెక్క, "గుండె లయ తప్పడాన్ని పసిగట్టడానికి" అంటే పూర్తిగా వేరే లెక్క. ఇన్వెస్టర్ల కోసం పిచ్ డెక్‌లో "డయాగ్నోస్ చేస్తుంది, ట్రీట్ చేస్తుంది" అని ధీమాగా రాసేస్తారు. ఆ మాటే వెబ్‌సైట్‌లోకి, బ్రోచర్‌లోకి పాకుతుంది. తర్వాత అధికారి ముందు "అబ్బే, మాది మామూలు పరికరమే" అంటే ఆయన మీ బ్రోచరే తీసి మీకు చూపిస్తారు.

ఆ వాక్యం కిందే ఇంకో నాలుగు ప్రశ్నలు: దేనితో చేస్తాం, ఎలా స్టెరిలైజ్ చేస్తాం, దేంట్లో ప్యాక్ చేస్తాం, ఎంతకాలం నిలవ ఉండాలి. జవాబులు మారొచ్చు, తప్పులేదు. మారిన రోజున తేదీ వేసి, ఎందుకు మారిందో రాసి పెట్టుకోండి. వైద్య పరికరాల క్వాలిటీ ప్రమాణం ఐఎస్ఓ 13485లో డిజైన్ కంట్రోల్ అని భయపెట్టే అధ్యాయంలో సగం ఇదే.

ఇంకో మాట వింటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. "మా బాబాయి సర్జన్ మేడమ్, ముందు ఓ పది మంది మీద వాడి చూస్తాం." వద్దు. పరీక్షల కోసం కొద్ది సంఖ్యలో తయారు చేయడానికే ఎండీ-13 అనే టెస్ట్ లైసెన్స్ ఉంది. కొత్త పరికరాన్ని మనుషుల మీద పరీక్షించాలంటే క్లినికల్ ఇన్వెస్టిగేషన్ అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం, సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు కావాలి. ఇవేవీ లేకుండా తెచ్చిన డేటా మీ ఫైలుకు పనికిరాదు. ఒక్క రోగికి తేడా చేసిందంటే బాబాయి రిజిస్ట్రేషన్ కూడా ప్రమాదంలో పడుతుంది.

నానో వాళ్లకు ఇవి కాక వేరే తలనొప్పులు. మొదటిది ఎండోటాక్సిన్. బ్యాక్టీరియా చచ్చిపోయినా దాని గోడ ముక్కలు మిగులుతాయి, ఆవిరితో క్రిముల్ని చంపే మామూలు ఆటోక్లేవ్‌కు అవి లొంగవు. ఎలుకలో వాపు వస్తే మన కణమే విషమని బెంగపడిపోతాం. తీరా చూస్తే తప్పు ల్యాబ్ నీళ్లది. పైగా కొన్ని నానోకణాలు ఎండోటాక్సిన్ పరీక్షనే తప్పుదోవ పట్టిస్తాయి, కాబట్టి పరీక్ష మీ శాంపిల్‌తో సరిగ్గా పనిచేస్తోందని ముందు రుజువు చేయాలి. రెండోది బ్యాచ్. 20 మిల్లీలీటర్ల బీకర్‌లో అందంగా వచ్చిన సైజు 5 లీటర్లకు పెంచేసరికి చెదిరిపోతుంది. డీఎల్ఎస్ (కాంతి చెదరడాన్ని బట్టి కణం సైజు కొలిచే పద్ధతి) ఒక అంకె చూపిస్తుంది, టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఇంకోటి చూపిస్తుంది. కంగారుపడకండి, డీఎల్ఎస్ కణంతో పాటు దాని చుట్టూ కదిలే నీటి పొరను కూడా కలిపి కొలుస్తుంది, అందుకే పెద్దగా కనిపిస్తుంది. అడిగేవాళ్లకు కావాల్సింది, ఒకే పద్ధతిలో మూడు బ్యాచ్‌లు ఒకేలా రావడం.

ఇక "పాత మందునే నానోలో పెట్టాం, కొత్త అనుమతి ఎందుకు" అనేవాళ్లకు: కొత్త డెలివరీ పద్ధతిలో ఇచ్చే పాత మందు కూడా 2019 న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం కొత్త మందే. నానో మందుల మూల్యాంకనానికి అదే ఏడాది అక్టోబర్‌లో బయోటెక్నాలజీ శాఖ మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. చదవండి, మరీ పెద్దదేం కాదు.

ఇదంతా చదివి గుండె జారిపోయినవాళ్లకు ఒక సంగతి. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో మన దేశపు కృత్రిమ గుండె కవాటం తయారైంది. గుండె సర్జన్ డాక్టర్ వలియత్తాన్ జట్టు పదేళ్లకు పైగా కూర్చుంది దాని మీద. మూడు నమూనాలు విఫలమయ్యాయి. ఒకదాంట్లో నీలమణి స్ఫటికంతో చేసిన బిళ్ల గొర్రె గుండెలో ఉండగానే పగిలింది. నాలుగో నమూనాలో ప్రత్యేకమైన పాలిథిన్ బిళ్ల పెట్టారు. 1990 డిసెంబర్ 6న మొదటి రోగికి అమర్చారు. ముందు మూడూ ఎందుకు పోయాయో వాళ్ల దగ్గర రాసి ఉంది కాబట్టి నాలుగోది నిలిచింది. నేను క్వాలిటీలో చేరిన కొత్తలో మా మేనేజర్‌గారు ఈ కథ చెప్పారు. నిజం చెప్పాలంటే, ఆరోజు నేను ఒక డీవియేషన్ రిపోర్టు (నిర్ణయించిన పద్ధతి తప్పినప్పుడు రాయాల్సింది) రాయకుండా దాటేద్దామని చూసి దొరికిపోయాను.

ఇక మిగతావి.

అపోహ: పేపర్ ముందు, పేటెంట్ తర్వాత

యూరప్‌లో మీ పేపరే మీ పేటెంట్‌ను చంపేస్తుంది. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది. మన దగ్గర ఉన్న మినహాయింపులు ఇరుకైనవి, వాటిని నమ్ముకోవద్దు. కాన్ఫరెన్స్ పోస్టర్, లైబ్రరీలో పెట్టిన థీసిస్ కూడా ప్రచురణ కిందే లెక్క. ప్రొవిజనల్ (తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు) వేసి, పేపర్ తర్వాత పంపండి. పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలల గడువు ఉంటుంది. "గైడ్ గారు తొందరపెడుతున్నారు" అనేవాళ్ల మీద నాకు జాలి. ఆ గైడ్ గారికే ఈ పేరా చూపించండి.

అపోహ: పేటెంట్ వచ్చింది కాబట్టి అమ్ముకోవచ్చు

పేటెంట్ ఇచ్చేది ఇతరులను ఆపే హక్కు. అమ్ముకోవడానికి అనుమతి వేరే ఆఫీసులో ఉంది.

అపోహ: ఎఫ్‌డీఏ సర్టిఫికెట్ డబ్బు కడితే వారంలో వస్తుంది

ఇది పుకారు కూడా కాదు, వ్యాపారం. కంపెనీ పేరు నమోదు చేసుకోవడాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిగా లెక్కపెట్టదు, దానికి సర్టిఫికెట్ అంటూ ఇవ్వదు. గద్ద బొమ్మ, బంగారు అంచు ఉన్న ఆ కాగితాన్ని అమ్మేది మధ్యవర్తులు. ఫ్రేమ్ కట్టించి రిసెప్షన్‌లో పెట్టుకున్నవాళ్లను చూశాను. ఏమనాలో తెలియక టీ తాగి వచ్చేశాను.

అపోహ: నానోకణం బాణంలా కణితికే పోయి తగులుతుంది

అప్పటికి పదేళ్లుగా వచ్చిన పరిశోధనలను 2016లో ఒక సమీక్ష లెక్కగడితే, ఇచ్చిన డోసులో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. మిగతాదాంట్లో చాలాభాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. దీనర్థం నానో మందులు దండగని కాదు. 1960ల తొలినాళ్లలో కనిపించిన లైపోసోమ్ (కొవ్వు పొరతో చేసిన అతిచిన్న బుడగ) డాక్సిల్ అనే క్యాన్సర్ మందుగా 1995లో అనుమతి తెచ్చుకుంది, గుండెకు చేసే హాని తగ్గించి నిలబడింది. పిచ్‌లో బాణం బొమ్మ తీసేయండి, అంతే.

అపోహ: పైరవీ లేకపోతే గ్రాంట్ రాదు, టెస్టింగ్‌కు విదేశాలకే పంపాలి

కేంద్ర ప్రభుత్వ బయోటెక్ ప్రోత్సాహక సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంట్ 50 లక్షల వరకు, 18 నెలలకు. ఏ పైరవీ లేకుండా తెచ్చుకున్న పిల్లలు నాకు తెలుసు. టెస్టింగ్‌కు విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది, ఎలక్ట్రికల్ సేఫ్టీ నుంచి గామా దాకా. వెళ్లేముందు ఆ ల్యాబ్‌కు మీకు కావాల్సిన పరీక్షలో గుర్తింపు ఉందో లేదో మాత్రం చూసుకోండి.

ఏలూరు జట్టు ఏమైందని అడుగుతారని తెలుసు. ఈటీవోకు మారారు, ప్యాకింగ్ మారింది, మూడు రిపోర్టులూ పాస్. ఇప్పుడు షెల్ఫ్ లైఫ్ (ఎంతకాలం నిలవ ఉంటుందో చూసే) పరీక్ష నడుస్తోంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెంచితే వస్తువుకు ముసలితనం రెండింతలు వేగంగా వస్తుందని లెక్క. 25 డిగ్రీల దగ్గర ఏడాది నిలవను 55 డిగ్రీల ఓవెన్‌లో 46 రోజుల్లో చూసేయొచ్చు. మొన్న ఆ కుర్రాడి అమ్మగారు నాకు ఫోన్ చేశారు.

"ఏమ్మా, మావాడు ఓవెన్‌లో ఏదో పెట్టి రోజూ దాని చుట్టూనే తిరుగుతున్నాడంట. ఎప్పుడు దించుతారు?"

"ఇంకా 19 రోజులుందండీ."

"అయితే పండక్కి వస్తాడు" అన్నారు ఆవిడ, ఫోన్ పక్కన పెట్టి ఎవరికో గట్టిగా చెబుతూ.