గణిత మోడలింగ్: తొలిరోజు క్లాసులో వినిపించే అపోహలు

వ్యవసాయం, వైద్యం, ఆర్థికం, జంతుశాస్త్రం... రకరకాల శాఖల పరిశోధకులకు మోడలింగ్, అంటే ఒక విషయం ఎలా నడుస్తుందో సమీకరణాల్లో రాసి చూడటం నేర్పుతుంటాను. ('నమూనా' అనొచ్చు గానీ శాంపిల్‌నీ అలాగే అంటాం, క్లాసంతా గందరగోళం. అందుకే మోడల్ అనే అంటాను.) శాఖలు వేరైనా మొదటిరోజు అనుమానాలు మాత్రం అవే.

అపోహ: ఇది లెక్కలవాళ్ల పని.

వాస్తవం: 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్ డాక్టరు. ఇంతవరకు మనవాళ్లలో చాలామందికి తెలుసు. తర్వాత ఆయన సమీకరణాలు పట్టుకు కూర్చున్న సంగతే తెలియదు. దోమలన్నిటినీ ఎలాగూ చంపలేం, కొన్నిటిని తగ్గించి ఏం లాభం అనేవాళ్లు అప్పట్లో ఉండేవారు. ఒక హద్దు కిందికి తెస్తే చాలు, జబ్బు దానంతటదే సన్నగిల్లుతుందని రాస్ లెక్కగట్టి చూపించాడు.

అపోహ: ఇంగితంతో తెలిసేదానికి లెక్కలెందుకు?

వాస్తవం: దోమల్నే తీసుకుందాం. రోగి రక్తం తాగిన దోమ వెంటనే జబ్బు అంటించలేదు. క్రిమి దాని ఒంట్లో ఎదగాలి. ఎండని బట్టి మారుతుంది గానీ, 10 రోజులనుకోండి. రోజుకు నూటికి 90 దోమలు బతుకుతుంటే, 0.9ని పదిసార్లు వేసి గుణించండి. 0.35 వస్తుంది. అంటే 100లో 35 దోమలు కుట్టి అంటించే దశకు చేరతాయి. 90ని 80 చేసి చూడండి: 11 మాత్రమే! ఆ 11 కూడా ఆపైన ఎక్కువ రోజులుండవు. అదే లార్వాల్ని చంపి దోమల సంఖ్యను సగం చేస్తే, అంటించే దోమలూ సగమే తగ్గుతాయి. గోడ మీద వాలే పెద్ద దోమల్ని చంపేలా ఇంటి గోడలకు మందు కొట్టడం ఎందుకంత పనిచేస్తుందో 1950లలో బ్రిటిష్ మలేరియా నిపుణుడు జార్జ్ మెక్‌డొనాల్డ్ ఇలాంటి లెక్కతోనే వివరించాడు. ఇంగితానికి ఇది తట్టేనా? నాకైతే తట్టలేదు.

అపోహ: గ్రాఫు డేటాతో కలిసింది, మోడల్ నెగ్గినట్టే.

వాస్తవం: 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు, అంటువ్యాధి పెరిగి తరిగే తీరుకు సమీకరణాలు రాసి, వాటితో గీసిన గీతను 1905–06 బొంబాయి ప్లేగు మరణాల మీద పెట్టారు. చక్కగా కూర్చుంది. (ఒకరు రసాయన శాస్త్రవేత్త, మరొకరు మనదేశంలో పనిచేసిన డాక్టరు. మొదటి అపోహకు ఇంకో దెబ్బ.) కానీ ప్లేగు ఎలుకల్లో పుట్టి, వాటి ఒంటి మీద రక్తం తాగే ఫ్లీ అనే చిన్న పురుగుల ద్వారా మనుషులకు పాకుతుంది, రుతువుతోపాటు పెరిగి తరుగుతుంది. ఆ సమీకరణాల్లో ఎలుక లేదు, ఎండాకాలం లేదు. గీత కలిసిందంటే కారణం దొరికిందని కాదు.

అపోహ: ఎన్ని అంశాలు పెడితే అంత మంచి మోడల్.

వాస్తవం: మిరపలో తామర పురుగు మీద పనిచేసే ఒకావిడ 17 తెలియని రాశులతో మోడల్ కట్టుకొచ్చింది. చేతిలో ఉన్నది జిగురు అట్టల మీద లెక్కపెట్టిన 9 వారాల అంకెలు. ల్యాప్‌టాప్ మూయించి తెల్లకాగితం ఇచ్చాను. "మీ ప్రశ్నేంటమ్మా?" "మందు ఏ వారం కొట్టాలో తెలియాలి సార్." ఒక్కో అంశం మీదా గీటు పెడుతూ పోయాం. గాలివేగం పోయింది, నేల తేమ పోయింది. పుట్టేవి, చచ్చేవి, పక్క చేలనుంచి వచ్చిపడేవి, ఈ మూడే మిగిలాయి. వచ్చిపడేవాటిని ఆవిడ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. వర్క్‌షాపు ఇంకా రెండు రోజులుండగానే సెలవు అడిగి, గట్టు పొడవునా అట్టలు కట్టడానికి చేనుకు వెళ్లిపోయింది.