రోడ్డు అంచున పోతే సేఫ్ అనుకుంటున్నారా? సైకిలు, కారు మధ్య కొన్ని అపోహలు

సైకిలు తొక్కడం వచ్చినవాళ్లకి రోడ్డు మీద తొక్కడం నేర్పించడం నా పని. మధ్యమధ్యలో లారీ, బస్సు డ్రైవర్లకి కూడా క్లాసులు తీసుకుంటాను కాబట్టి రెండు వైపుల ఫిర్యాదులూ నా చెవినే పడతాయి. "వాళ్లసలు చూసుకోరండీ" అన్న మాట రెండు క్లాసుల్లోనూ వినబడుతుంది.

అపోహ: ఎంత అంచుకి పోతే అంత సేఫ్

అన్నిటికన్నా మొండిది ఇదే. వెనక నుంచి ఎవరు గుద్దేస్తారోనన్న భయంతో అంచుకి అతుక్కుపోతారు. వీధిదీపాలు లేని హైవే మీద ఆ భయం నిజమే కానీ, ఊళ్లో వీధుల్లో దెబ్బలు ఎక్కువగా తగిలేది కూడళ్లలో మలుపు తిరిగే బండ్ల వల్ల, ఉన్నట్టుండి తెరుచుకునే కారు తలుపుల వల్ల. పైగా మీరు అంచుకి ఒదిగిపోతే, చోటు చాలకపోయినా పక్కనుంచి దూరిపోవచ్చని వెనక కారాయనకి అనిపిస్తుంది.

ఆగి ఉన్న కార్లకి ఒక తలుపు పూర్తిగా తెరుచుకునేంత ఎడం, అంటే మీటరుకి తగ్గకుండా, వదలండి. ఇది చెప్పే నేనే ఒకసారి వదల్లేదు. తలుపు అంచు హ్యాండిల్‌కి తగిలింది, చక్రం అడ్డం తిరిగింది, నేను రోడ్డు మధ్యలో పడ్డాను. వెనక బండి ఏదీ లేదు కాబట్టి ఇప్పుడిది రాస్తున్నాను. దిగినాయన కంగారుగా "అద్దంలో చూశానండీ" అన్నాడు. చూసే ఉంటాడు. గంటకి 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. అద్దంలో చూసి, ఫోను జేబులో పెట్టుకుని తలుపు తీసేలోపు నేను వచ్చేశాను.

కారులో ఉన్నవాళ్లకి ఒక చిన్న అలవాటు చెబుతాను. తలుపు పక్కనున్న చేత్తో కాకుండా అవతలి చేత్తో తీయండి. ఒళ్లు దానంతటదే తిరిగి చూపు వెనక్కి పోతుంది. దీన్ని డచ్ రీచ్ అంటారు.

అపోహ: రాంగ్ సైడులో పోతే ఎదురొచ్చే బండ్లు కనబడతాయి, కాబట్టి మంచిదే

నడిచేవాళ్లకి సరే. సైకిలు 20లో, కారు 50లో ఉంటే ఒకే దిశలో వేగాల తేడా 30, ఎదురెదురుగా అయితే 70. పక్క సందులోంచి వచ్చే డ్రైవరు మీరున్న వైపు చూడనే చూడడు.

అపోహ: నాకు లారీ కనబడుతోందంటే డ్రైవర్‌కి నేనూ కనబడుతున్నట్టే

దీనికి నేను మాటలు ఖర్చు పెట్టను. ఆగి ఉన్న లారీలో సైకిలు తొక్కేవాళ్లనే డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, వాళ్ల సైకిలునే క్యాబిన్‌కి అవతలి పక్కన, ముందు చక్రానికి దగ్గరగా నిలబెట్టి, ఎక్కడుందో చెప్పమంటాను. అద్దాలన్నీ వెతుకుతారు. ఒకమ్మాయి నేను సైకిలు తీసేశాననుకుని కిందకి దిగి, అటు తిరిగి చూసొచ్చింది.

తర్వాత అదే చోట అట్టపెట్టె పెట్టి లారీని మెల్లగా ఆ పక్కకి తిప్పిస్తాం. ముందు చక్రం పెట్టెని తాకకుండా దాటిపోతుంది. వెనక చక్రాలు మాత్రం ముందు చక్రం దారిలో రావు, మలుపు లోపలికి కోసుకొస్తాయి, పెట్టె చపాతీ అయిపోతుంది. అప్పటిదాకా కబుర్లు చెప్పుకునేవాళ్లు కూడా అక్కడ ఆపేస్తారు. సిగ్నల్ దగ్గర లారీ పక్కన ఎంత ఖాళీ కనబడినా దూరకండి, వెనకే ఆగండి.

అపోహ: హారన్ కొడితే చాలు, తప్పుకుంటాడు

ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతాడు, తలతో పాటు హ్యాండిల్ కూడా తిరుగుతుంది, అదీ మీ బండి వైపే. చాలా దేశాల్లో సైకిలుని దాటేటప్పుడు ఒకటిన్నర మీటర్లు వదలాలని రూలు. జర్మనీలో 2020 నుంచి ఊళ్లో ఒకటిన్నర, ఊరి బయట 2 మీటర్లు. గుంత తప్పించడానికి సైకిలు హఠాత్తుగా పక్కకి జరిగినా తగలకూడదు కదా. అంత చోటు లేకపోతే వెనకే ఆగాలి. ఎలాగూ తర్వాతి సిగ్నల్ దగ్గర ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు.

అపోహ: మెరిసే పసుపుపచ్చ జాకెట్ ఉంటే రాత్రి కూడా కనబడతాం

ఆ మెరుపు ఎండలోని అతినీలలోహిత కిరణాలది. చీకట్లో హెడ్‌లైట్ వెలుగుని తిప్పికొట్టే రిఫ్లెక్టర్ పట్టీలు కావాలి. చీలమండలకి కట్టుకోండి; పైకీ కిందకీ ఆడుతుంటే మనిషని దూరం నుంచే తెలిసిపోతుంది. లైట్లు ఎలాగూ ఉండాల్సిందే.

అపోహ: ట్రైల్ ఎక్కేస్తే ఇక టెన్షన్ లేదు

ట్రైల్ అంటే కార్లు రాని, నడిచేవాళ్లూ సైకిళ్లూ పోయే దారి. అక్కడ నడిచేవాళ్ల దృష్టిలో కారు మీరే. బెల్ పక్కకొచ్చాక కాదు, దూరం నుంచే కొట్టండి, కొట్టి నెమ్మదించండి. ట్రైల్ రోడ్డుని దాటే చోట, చెట్ల చాటు నుంచి సైకిలు వస్తుందని ఏ డ్రైవరూ అనుకోడు, ఆగి చూసుకుని దాటండి. దారికి ఒక పక్క మనిషి, ఇంకో పక్క కుక్క కనబడితే మధ్యలో సన్నటి తాడు ఉందనే లెక్కేసుకుని బ్రేకు నొక్కండి, దగ్గరికొచ్చేదాకా అది కనబడదు.